కార్తీకం దాకా దిగని అమ్మవారు

ఫిజియోథెరపీ అంటే ఏమిటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. "మా కోడలు పెద్దాసుపత్రిలో మాలీషు సేస్తాది" అని గార్డెన్ రీచ్‌లోని మా వాడంతా గొప్పగా చెప్పుకునేది. పెళ్ళయిన కొత్తలో దిద్దబోయాను. తర్వాత మానేశాను. ఆవిడ గొప్పగా చెప్పుకోవడమే పదివేలు అనుకున్నాను.

నేను పుట్టి పెరిగిందీ ఆ వాడలోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఉద్యోగమంతా కలకత్తాలోని ఒకే ఆసుపత్రిలో, ఒకే విభాగంలో చేసి రిటైరయ్యాను. ఈ మధ్య సాల్ట్ లేక్ వైపు ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి మన పిల్లలు వస్తున్నారు. ఆదివారాలు మా ఇంటికొచ్చి, కడుపునిండా తిని, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్లు చూసుకుంటారు. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎవరి వల్ల ఆలస్యమయ్యాయో రాయడం మొదలుపెడితే ఇంకే సంగతీ మిగలదు.

నొప్పి గురించి తర్వాత అడగండి

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నొప్పితో వస్తారు. నడుం, మెడ, మోకాళ్ళు. నొప్పి ఉన్న మనిషి గుమ్మంలో ఉండగానే మనకు తెలిసిపోతుంది. తెలియనిది బలహీనత. అందులోనూ మయోసైటిస్ అని ఒక జబ్బుంది. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి సొంత కండరాల మీద పడుతుంది. కంచే చేను మేయడమన్నమాట. మొదట తొడలు, భుజాలు నీరసిస్తాయి. నేల మీంచి లేవడం, మెట్టెక్కడం, చెయ్యి పైకెత్తడం కష్టమవుతుంది. కొందరికి మింగే కండరాలు కూడా పోతాయి. దీనిలోనే ఒక రకం చర్మానికి కూడా వస్తుంది. కనురెప్పల మీద నేరేడుపండు రసం అంటినట్టు మచ్చలు, వేళ్ళ కణుపుల మీద ఎర్రగా గరుకుగా పొక్కు, మెడ మీదా ఛాతీ మీదా ఎరుపు.

ఇది అందరికీ వచ్చే జబ్బు కాదు. కానీ వచ్చినవాళ్ళు చెప్పే మాట మాత్రం అందరూ చెప్పేదే. "నీరసంగా ఉంది." దానికి మనవాళ్ళు టానిక్ రాస్తారు.

ఈ జబ్బును గుర్తుపట్టడం నాకు నేర్పింది మా పెద్ద డాక్టరు మల్లిక్ బాబు. నన్ను బెంగాలీ పద్ధతిలో దిదీ, అంటే అక్కా, అని పిలిచేవాడు. "దిదీ, ఎక్కడ నొప్పి అని అడగొద్దు. ఇదివరకు చేసే ఏ పని ఇప్పుడు చెయ్యడం మానేశావు అని అడుగు" అనేవాడు. అలా అడిగితే జవాబులు వేరుగా వస్తాయి. ముడి వేసుకోవడం మానేసి జడ వదిలేశానంటుంది ఒకామె. మినీబస్సు మానేసి నడిచి వెళుతున్నాను, బస్సు మెట్టు ఎత్తు అంటాడు ఇంకొకాయన. మానేసిన సంగతి వాళ్ళకే అప్పటిదాకా తట్టి ఉండదు.

ఒకసారి సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే తెలుగు కుర్రాడొకడు వచ్చాడు. కొత్తగా జిమ్‌లో చేరి మొదటివారమే ఒళ్ళు హూనం చేసుకున్నాడు. రక్తపరీక్ష తనే చేయించుకుని, ఇంటర్నెట్ అంతా చదివి, నాకు మయోసైటిస్ అని తనే తేల్చుకుని వచ్చాడు. మల్లిక్ బాబు అతన్ని నేల మీద గొంతుక్కూచోమన్నాడు. కూచున్నాడు. లేవమంటే "అమ్మా, నాయనా" అంటూనే ఏమీ పట్టుకోకుండా లేచాడు. "నొప్పి ఉంది, బలం ఉంది. జిమ్ మానేసి నీళ్ళు బాగా తాగు, వచ్చేవారం పరీక్ష మళ్ళీ చేయించు" అని పంపేశాడు. ఆ కుర్రాడికి కొంచెం నిరాశ కలిగిందనే అనుకుంటాను.

మల్లిక్ బాబు కన్ను అంత మంచిది. నోరు మాత్రం మంచిది కాదు. ఆ రెండింటివల్లా ఏం జరిగిందో చెబుతాను.

అప్పన్న కూచోలేదు

అప్పన్న రేవులో సరుకు దించే పని చేసేవాడు. నడుం పట్టేసి నా దగ్గరకు వస్తుండేవాడు. ఒకరోజు వచ్చి మంచం దగ్గరికి రాకుండా గోడవారగా నిలబడ్డాడు.

"ఏటి బాబూ, రా" అన్నాను. మా వాడవాళ్ళతో నా నోటికి మా వాడ మాటే వస్తుంది.

"ముట్టుకోకక్కా. ఇంటికాడ అమ్మోరున్నాది. కసరత్తు నోటితో సెప్పీ, ఎల్లిపోతాను."

"ఎవులికి?"

"మా రమణమ్మకి. మొకం నిండా వొచ్చీసినాది. దుర్గాపూజ ముందర వొచ్చింది, ఇంకా దిగనేదు."

రమణమ్మ అతని భార్య. దుర్గాపూజ అయిపోయింది. కాళీపూజ అయిపోయి కార్తీకమాసం నడుస్తోంది. మన ఇళ్ళల్లో అమ్మవారు వేప పూతకొచ్చే రోజుల్లో వస్తుంది. పొక్కులు పొంగి, మాడి, చెక్కు కట్టాక నీళ్ళు పోస్తే దిగిపోతుంది. ఒక పక్షం పట్టడమే ఎక్కువ. చిన్నప్పుడు నాకూ వచ్చింది, వేపరొట్ట మీద పడుకున్నదాన్నే. చలి మొదలయ్యే రోజుల్లో వచ్చి ఇన్నాళ్ళు కూచున్న అమ్మవారిని నేనెప్పుడూ వినలేదు.

"పొక్కుల్లో నీరుందేటి?" అని అడిగాను.

"నీరు నేదు. ఎర్రగుంటాది. కళ్ళ మీదైతే నల్లెరుపు."

"అమ్మోరు రాకముందు ఏ పనైనా మానీసిందా?"

అప్పన్న ఆలోచించాడు. "అటక మీద డబ్బాలు నన్నే దించమనేది. నా నడుం నొప్పని తెలిసీ నన్నే దించమంతాదేటని తిట్టినాను కూడా."

ఆ మాట విన్నాక నేను అతని నడుం సంగతి మరిచిపోయాను.

వేపరొట్ట వెనకాల

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మానికి వేపమండలు. గడప బయట చెంబుతో నీళ్ళు. అమ్మవారున్న ఇంట్లోకి పరాయివాళ్ళు రాకూడదు. కాళ్ళు కడుక్కుని గడప ఇవతలే నిలబడి పిలిచాను. అప్పన్న తల్లి సూరమ్మ వచ్చింది. రమణమ్మ ఆమెకు కోడలే కాదు, అన్న కూతురు కూడా. తల్లి లేని పిల్లను చిన్నప్పుడే తెచ్చి పెంచుకుంది.

"మీ యమ్మ నాకు తెలుసును కాబట్టి రానిస్తన్నాను. దాన్ని ముట్టుకోకు" అంది.

లోపల రమణమ్మ మంచం మీద ఉంది. జుట్టు చిక్కులు కట్టి ఉంది. అమ్మవారున్న మనిషికి తల దువ్వరు. మంచం దిగనివ్వరు, పనులు చెప్పరు. మందు ఇవ్వరు. చలవ చేసేవే పెడతారు. అక్కడ నిలబడి చూస్తుంటే ఒక్కొక్కటీ అర్థమైంది. దువ్వెన పట్టుకుని చెయ్యి ఎత్తలేకపోతోందన్న సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఎవరూ దువ్వుకోమనలేదు. సొంతంగా లేవలేకపోతోందన్న సంగతీ తెలియలేదు, లేవమన్నవాళ్ళు లేరు. జబ్బు లక్షణాలన్నిటినీ ఆచారం వరసగా కప్పేసింది. పుస్తకంలో ఇది ఉండదు. ఏ ఊరి ఆసుపత్రిలో చేరినా ఆ ఊళ్ళో జబ్బు మనిషిని ఎలా పడుకోబెడతారో ముందు తెలుసుకోండి.

"చెయ్యెత్తమ్మా" అన్నాను.

భుజం కొంచెం కదిలింది. చెయ్యి లేవలేదు.

"సత్తువంతా అమ్మోరు తీసుకున్నాది" అంది సూరమ్మ.

అంటూనే గిన్నెలో తరవాణి తెచ్చింది. కుండలో అన్నం మీద పోసి పులియబెట్టిన నీళ్ళు, చలవకి అంతకు మించింది లేదు. తల కింద చెయ్యి పెట్టి, చంటిపిల్లకి పట్టినట్టు పట్టింది. రమణమ్మ ఒక గుక్క తాగి దగ్గింది. ఇంకో గుక్క, మళ్ళీ దగ్గు. "అక్కా, బాగున్నావా" అని నన్ను పలకరించిన గొంతు ముక్కుతో వచ్చింది.

నాకు భయమేసింది. చెయ్యి లేవకపోతే మనిషి బతుకుతుంది. గొంతు కండరాలు మింగడం మానేస్తే, నీళ్ళలాంటివి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అక్కడ చీము పడితే రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. అప్పన్నతో బయట మాట్లాడాను. సూరమ్మను బతిమాలాను. "ఒక్కపాలి సూపించి తెచ్చీద్దాం" అంటే ఎట్టకేలకు సరేనంది. అమ్మవారికి మొక్కుకుని, కోడలి తల మీద కొత్త గుడ్డ కప్పి, చేతిలో వేపమండతో మర్నాడు తనూ వచ్చింది.

మా పెద్ద డాక్టరు నోరు

మల్లిక్ బాబు రమణమ్మ కనురెప్పలు చూశాడు, వేళ్ళ కణుపులు చూశాడు, చెయ్యెత్తమన్నాడు. చటుక్కున జబ్బు పేరు చెప్పేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆయన చూపు వేపమండ మీద పడింది.

"ఎన్నాళ్ళ నుంచి ఈ ఆకులతో వైద్యం చేస్తున్నారు?" అని అరిచాడు. "చదువూ సంధ్యా లేని జనం! దీన్ని చంపేది జబ్బు కాదు, నువ్వు!"

బెంగాలీలోనే అన్నాడు. ముసలిదానికి అర్థం కాదనుకున్నాడేమో. సూరమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి మటియాబురుజు బజారులో బెంగాలీలోనే బేరమాడుతోంది. కోడలి భుజం కింద చెయ్యి వేసి లేపి, నడిపించుకుని బయటకు వెళ్ళిపోయింది. నేను గేటు దాకా పరిగెత్తేసరికి టాక్సీ కదిలిపోయింది.

తిరిగొచ్చి మల్లిక్ బాబుతో వరండాలో గొడవపడ్డాను. అంతకు ముందెప్పుడూ ఆయనకు ఎదురు చెప్పలేదు.

"నేనన్నదాంట్లో తప్పేముంది దిదీ?" అన్నాడు.

"జబ్బు విషయంలో తప్పు లేదు. కానీ పేషెంటు ఏది సార్?"

ఆయన తలుపులోంచి రమణమ్మ కూచున్న ఖాళీ కుర్చీకేసి చూశాడు.

పిల్లలూ, ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఆచారాన్ని తిట్టడం చాలా సులువు. కానీ ఆ రెండు నెలలూ రమణమ్మ పక్కన నేల మీద పడుకున్నది సూరమ్మ. ఒళ్ళు తుడిచి, గుడ్డలు మార్చి, ఇంట్లో పోపు వాసన కూడా రాకుండా ఉప్పిడి తిన్నదీ ఆవిడే. మన ఆసుపత్రిలో డబ్బిచ్చినా అంత సేవ దొరకదు. ఆ సేవలో ఒకటి తప్పు. ఆ ఒక్కటీ మార్చడం మన పని. మొత్తం మనిషినే కొట్టిపారేస్తే ఆ ఒక్కటి మార్చే అవకాశం కూడా పోతుంది.

ఆకు తియ్యమంటే రాను

ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళాను. సూరమ్మ గడపకు అడ్డంగా కూచుంది.

"అమ్మోరున్న మనిషిని గడప దాటించినాను. దాటించినందుకే ఆ మాటలు పడినాను. మరి దాటించను."

"అది అమ్మోరు కాదు పిన్నీ."

"నీకేటి తెలుసు? దిగకుండా నీలు పోసీసి, మందులిచ్చీసి, ఎంతమందిని పోగొట్టుకున్నామో మీ యమ్మనడుగు."

మా అమ్మ పోయి ఏళ్ళయింది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కోపంలో అనేసింది. అంతలో లోపల రమణమ్మ దగ్గడం మొదలుపెట్టింది. అప్పన్న పట్టిన తరవాణి ముక్కులోంచి బయటకొచ్చింది. ఊపిరి అందక కళ్ళు తేలేసింది. నేను ముట్టుకోకూడదన్నది మరిచిపోయి వెళ్ళి, కూచోబెట్టి, ముందుకు వంచి, వీపు మీద అరచేత్తో తట్టాను. కాసేపటికి ఊపిరి తిరిగింది. ఒళ్ళు కాలిపోతోంది.

సూరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ముక్కులోంచి ఎందుకొచ్చినాదే?" అంది, ఎవరినీ అడగనట్టు.

"మింగే కండలు నీరసపడ్డాయి పిన్నీ. చేతులకు వచ్చిందే గొంతుకూ వచ్చింది. ఇలాగుంటే దక్కదు."

ఆవిడ గుమ్మానికున్న వేపమండ మీద చెయ్యి వేసింది. తర్వాత, "ఆకు తియ్యమంటే మాత్రం రాను" అంది.

"తియ్యొద్దు. తెచ్చుకో. అమ్మోరూ మనతోనే వస్తాది."

ఆ మాట నేను ఆసుపత్రిలో ఎవరినీ అడగకుండానే ఇచ్చాను. ఆ రాత్రే రమణమ్మను ఆసుపత్రిలో చేర్చాం. వార్డు సిస్టర్ ఆమె తలగడ కింద వేపమండ చూసి గోలపెట్టింది. మల్లిక్ బాబు ఆమె చెప్పిందంతా విని, "ఆకు నేను రాసిన మందుల్లో లేదు. కాబట్టి దాని గురించి నన్ను అడగొద్దు. రోజూ తాజాది పెట్టుకోమను, అంతే" అన్నాడు. క్షమాపణ అడిగే రకం కాదాయన. కానీ ఆ తర్వాత సూరమ్మ ఎదురుగా ఉన్నప్పుడు గొంతు పెంచలేదు.

నిజం చెప్పాలా

రమణమ్మకు ఊపిరితిత్తుల్లో న్యుమోనియా చేరింది. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపారు. న్యుమోనియాకు మందులు, కండరాల జబ్బుకు పెద్ద మోతాదులో స్టెరాయిడ్. నా పని కఫం తీయించడం, ఒత్తిగిలించడం, కీళ్ళు బిగుసుకోకుండా మెల్లగా కదిలించడం. జబ్బు మంట మీదున్నప్పుడు కండరంతో బస్కీలు తీయించకూడదు. ఉత్సాహం ఎక్కువున్న కొత్త పిల్లలు చేసే తప్పు అదే. జ్వరం తగ్గింది. కొన్ని వారాలకు కనురెప్పల రంగు పలచబడింది. ఒకనాడు చెయ్యెత్తి ముక్కు మీది ఈగను తోలుకుంది. మేమిద్దరం నవ్వుకున్నాం.

గొంతు ఆలస్యంగా తిరిగింది. మింగడం పరీక్షించి, ఇక నోటితో మొదలుపెట్టవచ్చు, చిక్కటి జావ మాత్రమే, కూచోబెట్టి, గడ్డం కిందికి వంచి, చిన్న చెంచాతో అన్నారు. ఆ రోజు సూరమ్మకు అంతా నేర్పించాను. శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక గిన్నె ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"పలచటిది ఎందుకొద్దంతన్నారు?"

"పలచటిది తొందరగా జారిపోతాది. గొంతు మూసుకునేలోపు ఊపిరిలోకి ఎల్లిపోతాది."

"మరి నాను పోసిన తరవాణి?"

నేను చెంచా తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

"సెప్పు. నాను పట్టిందే దాని ఊపిరిలోకి ఎల్లినాదేటి?"

మీలో చాలామంది ఇక్కడ "లేదు పిన్నీ, జబ్బు వల్లే" అంటారు. నాకూ నోటిదాకా వచ్చింది. కానీ ఇంటికి వెళ్ళాక ఆ పిల్లకు తిండి పెట్టేది ఈవిడే. తనవల్ల కాదనుకుంటే ఒక ఎండ రోజున, పిల్లకు వేడి చేసిందని మళ్ళీ తరవాణి పడుతుంది. అందుకని చెప్పాను.

"అవును పిన్నీ. నీకు తెలియక."

"తెలియక" అన్న మాట ఆవిడ విన్నదో లేదో తెలియదు. ఏడవలేదు. గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు. నా సేతులు దానికి పడవు" అని వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడింది. నిజం చెప్పడం సరైనదే అని ఇప్పటికీ అంటాను. కానీ చెప్పాక ఆవిడ వీపు చూస్తూ నిలబడవలసిందీ నేనే. అదీ మీరు తెలుసుకోవాలి.

చెంచాతో రమణమ్మ నోటి దగ్గరికి జావ తీసుకెళ్ళాను. పెదాలు బిగించుకుంది. సిస్టర్ వచ్చి పెట్టబోయింది. తల పక్కకు తిప్పుకుంది. మా మాటలన్నీ ఆమె విన్నది. మంచం మీద పడుకున్న మనిషికి చెవులుంటాయని మనం ఎప్పుడూ మరిచిపోతాం.

గొంతు ఇంకా ముక్కుతోనే వస్తోంది. అయినా మాట తెలిసింది.

"అత్తా. నువ్వెట్టు."

సూరమ్మ కదల్లేదు.

"వొద్దే. నీకు నా సేత్తోనే ముప్పొచ్చింది. ఆలెవులి సేతైనా తినీ."

"నన్ను పెంచింది ఆ సెయ్యే కదేటి. ఆకలేస్తంది అత్తా."

ఆకలి అన్న మాటకు ఆవిడ తిరిగింది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల ఆకలి అనడం ఎవరమూ వినలేదు. సూరమ్మ వచ్చి నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. మంచం తల ఎత్తించింది. గడ్డం కిందికి వంచమంది. నేను చెప్పినవి ఒక్కటీ వదల్లేదు. గిన్నె మంచం మీద పెట్టి, రెండో చేత్తో తన మణికట్టు పట్టుకుని చెంచా నోట్లో పెట్టింది.

నేను రమణమ్మ కంఠం మీదే చూపు పెట్టుకుని నిలబడ్డాను. ఉద్యోగంలో ఎన్నో కండరాలు కదలడం చూశాను. అలా ఊపిరి బిగబట్టి మాత్రం దేన్నీ చూడలేదు. కంఠం పైకి లేచింది, కిందికి దిగింది. దగ్గు వస్తుందేమోనని ముగ్గురం ఆగాం. రాలేదు.

రమణమ్మ అత్తకేసి చూసి మళ్ళీ నోరు తెరిచింది.